మాట మూలం తెలుసుకుందాం – 6వ పాఠం: అలర్ట్

పోయినసారి ప్యానిక్ చూశాం, భయపడ్డం అయిపోయింది కాబట్టి ఇప్పుడు అలర్ట్. మా కావలి వైపు నవంబరు వచ్చిందంటే ఈ మాట వినపడని రోజుండదు, టీవీలో అలర్ట్, ఫోన్లో అలర్ట్, పాలు పోసే అవ్వ కూడా "అలర్టంట నాయనా, దండెం మీద బట్టలు తీసేయండి" అంటది.

ఇది పుట్టింది ఇటలీలో. వాళ్ళ భాషలో ఎర్తా అంటే నిటారుగా ఉండే కొండవాలు. శత్రువులొస్తన్నారేమో చూసే కాపలావాళ్ళు ఎత్తు మీదే కదా ఉండేది, అందుకని "ఆల్లెర్తా" అంటే ఎత్తు మీదుండి కన్నేసి ఉండమని. అది ఫ్రెంచిలోకి పోయి, 1600 చుట్టుపక్కల ఇంగ్లీషులోకి దిగింది. ఉదయగిరి కోట ఎక్కినోళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లా, అంత దూరం నాకెందుకంటారా, జొన్నచేలో మంచె చూడండి, వడిసెల పట్టుకుని పైన కూర్చున్న పిలగాడు పిట్టలు చేను మీద వాలకముందే చూస్తాడు, కిందున్నోడికి కంకి పోయినాకే తెలుస్తది. వాడే అలర్ట్‌గా ఉన్నట్టు.

అలారం కూడా ఇటలీదే, "ఆల్లార్మె", ఆయుధాలు పట్టండి అని. అంటే అలర్ట్ చూడమంటది, అలారం లేవమంటది.

మన జాగ్రత్తలో ఉన్నది మెలకువ, అప్రమత్తంలో ఉన్నది మత్తు లేకపోవడం. ఎత్తు సంగతి రెండింట్లోనూ లేదు. నాకైతే కావలి అనే మాటే దగ్గరగా అనిపిస్తది, మా ఊరి పేరని పక్షపాతం అనుకోండి పోనీ.

ఇప్పుడు వాడకం. అలర్ట్, వార్నింగ్ ఒకటి కాదు. తుపాను విషయంలో వాతావరణ శాఖోళ్ళు తీరంలో వాతావరణం చెడిపోడానికి కనీసం 48 గంటల ముందు ఇచ్చేది అలర్ట్, 24 గంటల ముందు ఇచ్చేది వార్నింగ్. పలికేటప్పుడు "అ" తేలిగ్గా వదిలేసి "లర్ట్" నొక్కండి, మనోళ్ళు ముందే నొక్కేస్తారు. ఇంకోటి, ప్రమాదం నుంచి అని మనసులో అనుకుని ఫ్రమ్ పెట్టేస్తారు, అది తప్పు, "అలర్ట్ టు ద డేంజర్" అనాలి. "అలర్ట్ ద పోలీస్" అన్నప్పుడు అదే మాట క్రియ అయిపోద్ది, అక్కడ టు అక్కర్లా.

హోంవర్క్: వాచ్, వేక్ రెండూ ఒక వేరు నుంచి వచ్చినయ్యే. మరి చేతికి కట్టుకునేదానికి వాచ్ అని పేరెందుకొచ్చిందో ఆలోచించి పెట్టుకోండి, 7వ పాఠం అక్కణ్ణుంచే మొదలుపెడతా.