సజ్జ మీది డబ్బాలో కచేరీ: పోయిందనుకున్న రాక్ ఫుటేజీ వెతకడం ఎలా

మీ ఇంట్లోనో, మీ చుట్టాల్లోనో డెబ్బైల్లో ఎనభైల్లో అమెరికా వెళ్లి చదువుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే యూట్యూబ్ కాసేపు పక్కన పెట్టి ముందు వాళ్లకు ఫోన్ చేయండి. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్లిన్, అలాంటి ఇతర బ్యాండ్ల పాత కచేరీ వీడియోల కోసం వెతికేవాళ్లం హనుమకొండ, కాజీపేట కలిపి ఓ పదిమందిమి ఉంటాం, మొదటి మూడేళ్లు మేం ఇంటర్నెట్లోనే వెతుక్కుంటూ కూర్చున్నాం. అక్కడ ఉన్నది ఎవరో ఒకరు ఇప్పటికే చూసేసినదే కదా. ఎవరూ చూడనిది మనుషుల దగ్గర ఉంటుంది, వాళ్లింట్లో సజ్జ మీద, పాత ట్రంకు పెట్టెలో.

జెప్లిన్ విషయంలో ఇది మరీ నిజం. వాళ్ల మేనేజర్ పీటర్ గ్రాంట్ బ్యాండును టీవీకి దూరంగా ఉంచాడు. దొంగచాటుగా రికార్డు చేసేవాళ్లంటే ఆయనకు ఎంత కోపమంటే, 1971లో వాంకోవర్ కచేరీలో శబ్దం కొలవడానికి వచ్చిన ఉద్యోగి చేతిలో మీటరు చూసి అది రికార్డరే అనుకున్నారు, ఆ మీటరు ముక్కలైంది. బ్యాండ్ తరఫున పెద్ద కెమెరాలతో తీయించిన రాత్రులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: 1970 జనవరిలో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్, 1973 జులైలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్, 1975 మేలో ఎర్ల్స్ కోర్ట్, 1979 ఆగస్టులో నెబ్‌వర్త్, ఇలాంటివి. మిగతా వందల రాత్రులకు దిక్కు, జనంలో కూర్చుని చిన్న కెమెరాతో మూడు నిమిషాలు తీసుకున్న మామూలు ప్రేక్షకులే.

దొరికిన వాటి కథలు కూడా ఇదే చెప్తాయి. 1973 జనవరిలో బీబీసీ వాళ్ల ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ కార్యక్రమంలో ఇంగ్లండ్ గాయకుడు డేవిడ్ బౌయీ పాడిన పాట టేపును బీబీసీ చెరిపేసింది, అప్పట్లో టేపుల మీద మళ్లీ రికార్డు చేయడం మామూలు పని, మన దూరదర్శన్లోనూ అలా ఎన్నో పోయాయి. ఆ రోజు కెమెరా పట్టుకున్న జాన్ హెన్షాల్ తన కోసం ఒక కాపీ తీసిపెట్టుకున్నాడు. అది తన దగ్గర తప్ప ఎక్కడా లేదన్న సంగతి ఆయనకే తెలియదు, 2011లో బయటపడింది. 1966లో బీటిల్స్ అదే కార్యక్రమంలో పాడితే, ఒక ఇంట్లోవాళ్లు టీవీ ముందు కెమెరా పెట్టి తీసిన 11 సెకన్ల శబ్దం లేని ముక్క 2019లో వెలుగులోకి వచ్చింది. అంతే, పదకొండు సెకన్లు. వాటి కోసం అభిమానులు ఎంత సంబరపడ్డారో మీరు కూడా అభిమాని అయితే నేను వేరే చెప్పక్కర్లేదు.

మరి వరంగల్‌కూ దీనికీ ఏంటి సంబంధం? మన ఆర్ఈసీ, అదే ఇప్పటి ఎన్ఐటీ, 1959లో మొదలైంది, కాకతీయ మెడికల్ కాలేజీ కూడా అదే ఏడాది. ఈ రెండింట్లో చదివి ఆ తర్వాత ఇరవై ముప్పై ఏళ్లలో అమెరికా వెళ్లినవాళ్లు ఎందరో. కొత్త దేశం వెళ్లినవాళ్లు చేతిలో నాలుగు డాలర్లు మిగిలితే కెమెరా కొంటారు, నయాగరా తీస్తారు, మంచు తీస్తారు, మొదటి కారు తీస్తారు. రూమ్మేట్ టికెట్ ఇస్తే ఒక రాత్రి కచేరీకి కూడా వెళ్తారు. ఆ రీళ్లు సూట్‌కేసుల్లో ఇక్కడికి వచ్చాయి. ఇంకోవైపు కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు తెచ్చిన వీసీఆర్లు, క్యాసెట్లు ఉన్నాయి. అవి ఎందుకు పనికొస్తాయో కింద చెప్తాను.

అడగడం దగ్గరే చాలామంది చెడగొట్టుకుంటారు. "మీ దగ్గర లెడ్ జెప్లిన్ ఫుటేజీ ఉందా అంకుల్" అని అడిగితే లేదనే వస్తుంది, ఎందుకంటే డెబ్బై ఐదేళ్ల మనిషికి ఆ రాత్రి వాయించింది ఎవరో గుర్తుండకపోవచ్చు. "అమెరికాలో ఉన్నప్పుడు మీరు తీసిన సినిమా రీళ్లు ఏమైనా ఉన్నాయా పెదబాపూ, ఒకసారి చూడాలని ఉంది" అనండి. ఆయన చదువు గురించి, అక్కడి చలి గురించి చెప్పనివ్వండి, రెండు గంటలు పట్టినా వినండి, ఏ ఊళ్లో ఏ ఏడాది ఉన్నాడో మీకు అందులోనే తెలిసిపోతుంది, అది తర్వాత చాలా అవసరం. ఆయన లేవంటే అక్కడితో ఆగొద్దు, పెద్దమ్మను అడగండి. ఏ డబ్బా ఎక్కడుందో ఇంట్లో ఆడవాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మాకు దొరికిన ప్రతి రీలూ ఇంటి పెద్దమ్మో అత్తమ్మో చూపించిన చోటే దొరికింది.

ఎప్పుడు వెళ్లాలి అంటే, బతుకమ్మకు ముందు. పండక్కి ఇల్లు దులుపుతారు, సజ్జ మీద సామాను కిందికి దిగుతుంది, సగం పాత సామాన్ల వాళ్లకు పోతుంది. హనుమకొండ సుబేదారిలో ఒక ఇంటికి నేను వారం ఆలస్యంగా వెళ్లాను. "అరె బిడ్డా, గుండ్రటి డబ్బాలు నాలుగుండె, మొన్ననే తూకానికి ఏసినం" అన్నది ఆ అత్తమ్మ. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. పాత ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంటుకు ఇస్తున్నారని తెలిస్తే పండగ దాకా కూడా ఆగకండి, ఆ సాయంత్రమే వెళ్లండి.

డబ్బా దొరికింది. ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట: ఆడించి చూడకండి. ఏముందో చూడాలని చేతులు దురద పెడతాయి, నాకు తెలుసు, అయినా వద్దు. నా చేతికి వచ్చిన మొదటి వీడియో క్యాసెట్‌ను ఒక షాపులో ఇచ్చాను, ఆయన అక్కడికక్కడే మెషిన్లో పెట్టేశాడు, పదిహేను సెకన్లు బొమ్మ వచ్చింది, తర్వాత కరకరమని టేపు నలిగిపోయింది. టేపు అంచున తెల్లటి పొడిలా ఉన్నది బూజు అని నాకు ఆ తర్వాత తెలిసింది. మన దగ్గర ఎండాకాలం 45 డిగ్రీలు, వానాకాలం గోడలు చెమ్మ, రేకుల కప్పు కింద పెట్టిన టేపు ఏమవుతుందో ఊహించుకోండి. క్యాసెట్ కిటికీలోంచి టార్చ్ వేసి చూసి తెల్లగా కనిపిస్తే దాన్ని విడిగా కవర్లో పెట్టేయండి, ఒక టేపు బూజు మెషిన్ ద్వారా ఇంకో టేపుకు అంటుకుంటుంది. వీహెచ్ఎస్ క్యాసెట్ వెన్ను మీద చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, దాన్ని విరిచేస్తే ఇక దాని మీద ఎవరూ పొరపాటున కూడా రికార్డు చేయలేరు. ఇంటికి తెచ్చుకోగానే ముందు ఆ పని చేయండి.

ఫిల్ము రీలైతే ముందు వాసన చూడండి. వెనిగర్ వాసన, అంటే పుల్లటి ఘాటు వస్తే ఫిల్ము పాడవడం మొదలైంది, దాన్ని మిగతా వాటికి దూరంగా పెట్టి ముందు దాన్నే స్కాన్‌కు పంపాలి. పాత ప్రొజెక్టర్ ఎక్కడో దొరికిందని గోడ మీద వేసుకోకండి, ఏళ్లు గడిచేకొద్దీ ఫిల్ము కుంచించుకుపోతుంది, ప్రొజెక్టర్ పళ్లు అంచు చిల్లుల్ని చింపేస్తాయి. ఒక్కో ఫ్రేమునూ విడిగా ఫొటో తీసే స్కానర్ ఉన్నచోటికే పంపండి. కొరియర్లో పంపడం కన్నా ఎవరో ఒకరు చేత్తో తీసుకెళ్లడం మేలు.

ఇంటి కెమెరాల్లో వాడిన సూపర్ ఎయిట్ అంటే 1965లో కొడాక్ తెచ్చిన ఫిల్ము, ఒక రీలు 50 అడుగులు, సెకనుకు 18 ఫ్రేముల చొప్పున తీస్తే 3 నిమిషాల 20 సెకన్లు. చాలావరకు శబ్దం ఉండదు. అందుకే ఒక కచేరీ పూర్తిగా దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి, అక్కడ పది సెకన్లు, ఇక్కడ ఇరవై సెకన్లు, మధ్యలో ఎవరిదో తల.

వీడియో టేపుల దగ్గర ఇంకో చిక్కు ఉంది, దీనివల్ల ఎన్ని మంచి టేపులు చెత్తలో పడ్డాయో. అప్పట్లో అమెరికాలో టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, 525 గీతలు, సెకనుకు దాదాపు 30 ఫ్రేములు. మనదీ, గల్ఫ్‌లో చాలా దేశాలదీ పాల్, 625 గీతలు, 25 ఫ్రేములు. అమెరికా క్యాసెట్‌ను ఇక్కడి మామూలు వీసీఆర్లో పెడితే బొమ్మ రంగు లేకుండా పైకీ కిందికీ దొర్లుతుంది, ఇంట్లోవాళ్లు "ఖరాబైంది" అని పడేస్తారు. టేపు నిక్షేపంగా ఉంటుంది! రెండు పద్ధతులూ ఆడే మల్టీ సిస్టమ్ వీసీఆర్ కావాలి, గల్ఫ్ నుంచి మనవాళ్లు తెచ్చినవాటిలో అలాంటివి దొరుకుతాయి. మేం వాడేది జగిత్యాల దగ్గర ఒక పల్లెలో, పెళ్లికి పెట్టినట్టు గుడ్డ కప్పి దాచిన మెషిన్. ఊళ్లలో దొరక్కపోతే హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మేరాత్ బజార్ తిరగాలి. మెషిన్ కొన్నాక టేపును చదివే దాని హెడ్ శుభ్రం చేయించి, ఎందుకూ పనికిరాని టేపు ఒకటి పూర్తిగా ఆడించి చూసి, ఆ తర్వాతే అసలు టేపు పెట్టండి.

కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఫైలు చిన్నగా రావాలని చూడొద్దు. మొదటిసారి ఎంత పెద్దగా వస్తే అంత పెద్దగా దాచండి, డీవీ, అంటే డిజిటల్ వీడియో పద్ధతిలో గంటకు 13 జీబీ దాకా పడుతుంది, కుదింపు లేకుండా అయితే అంతకు ఐదారింతలు. రంగులు దిద్దడం, గీతలు తీసేయడం లాంటివన్నీ కాపీ మీద చేసుకోండి. ఇప్పుడు ఏఐతో ముఖాలు మెరిపించే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, దయచేసి అసలు ఫైలు మీద వాటిని వాడకండి, అవి లేని ముఖాన్ని కల్పించి పెడతాయి, రేపు ఎవరైనా ఆ ఫ్రేములో గిటారు ఏదో చూసి తేదీ తేల్చుకోవాలంటే కుదరదు.

తేదీ తేల్చడమే నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. కొడాక్ ఫిల్ము అంచున గుండ్రం, చదరం, త్రికోణం లాంటి చిన్న గుర్తులు ఉంటాయి, అవి ఫిల్ము తయారైన ఏడాదికి గుర్తు, ప్రతి 20 ఏళ్లకూ అవే మళ్లీ వస్తాయి. అంటే అంతకన్నా ముందు తీసింది కాదని తేలుతుంది. తర్వాత స్టేజీ చూడండి. జెప్లిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ 1973 నుంచి 75 దాకా తేనె రంగులో మెరిసే పారదర్శకమైన డ్రమ్ములు వాడాడు, 1977 నుంచి స్టీలువి. గిటారు వాయించే జిమ్మీ పేజ్ ఒంటి మీద డ్రాగన్ బొమ్మల సూటు ఉంటే 1975కు ముందుది కాదు. పెదబాపు ఆ ఏడాది ఏ ఊళ్లో ఉన్నాడో మీరు ముందే రాసుకున్నారు కదా, ఆ ఊళ్లో బ్యాండ్ ఎప్పుడు ఆడిందో పక్కన పెడితే తేదీ దానంతట అదే దగ్గరికొస్తుంది.

మాకు ఒక ట్రంకు పెట్టెలో ఏడు రీళ్లు దొరికాయి, ఆరింట్లో మంచు, కారు, పిల్లలు, ఏడోదాంట్లో యాభై సెకన్లు స్టేజీ. అంచు గుర్తు 1976. 1977 అమెరికా పర్యటనే అయ్యుంటుందని మా అందరికీ గుండె ఆగినంత పనైంది. ఒక్కో ఫ్రేమూ ఆపి చూస్తే డ్రమ్మర్ ముందు రెండు పెద్ద బేస్ డ్రమ్ములు. ఆ పర్యటనలో బోనమ్ ముందు ఉన్నది ఒక్కటే. జెప్లిన్ కాదు. అయినా అది ఇంకెవరో అభిమానులు వెతుకుతున్న యాభై సెకన్లు కావచ్చు, అందుకని పని ఆపకండి, మీకు కావలసిన బ్యాండ్ కాకపోయినా అంతే జాగ్రత్తగా దాచండి.

శబ్దం లేని బొమ్మకు శబ్దం జతచేయడం ఇంకో పెద్ద పని. కచేరీల్లో టేపు రికార్డర్ దాచుకుని వెళ్లిన అభిమానులు ఉన్నారు, లాస్ ఏంజెలెస్‌లో మైక్ మిలార్డ్ అనే ఆయన చక్రాల కుర్చీలో కూర్చుని, పరికరాలు దాచి లోపలికి తీసుకెళ్లి రికార్డు చేసిన 1975, 77 జెప్లిన్ టేపులను అభిమానులు ఇప్పటికీ తలుచుకుంటారు. అదే రాత్రి ఆడియో దొరికితే ముందు బొమ్మ వేగం సరిచేయండి, 18 ఫ్రేముల ఫిల్మును 24లో ఆడిస్తే డ్రమ్మర్ చేతులు పిచ్చి వేగంతో కదులుతాయి. తర్వాత సింబల్, అంటే డ్రమ్ముల పక్కనుండే లోహపు పళ్లెం మీద కర్ర పడే ఫ్రేమును పట్టుకుని ఆ చప్పుడుతో కలపండి, పాడేవాడి పెదాలు రెండో ఆధారం. కెమెరా ఆపి మళ్లీ మొదలుపెట్టిన ప్రతిచోటా ఇది కొత్తగా చేయాలి, యాభై సెకన్లలో ఎనిమిది ముక్కలు ఉంటే ఎనిమిదిసార్లు. ఒక్కో ముక్కకు ఒక రాత్రి పట్టినా ఆశ్చర్యపోకండి, తబలానో డోలో తెలిసినవాళ్లు పక్కన ఉంటే త్వరగా తెములుతుంది, వాళ్ల చెవి దెబ్బను మనకన్నా ముందు పట్టుకుంటుంది.

బయట పెట్టే ముందు ఇంటివాళ్ల అనుమతి తీసుకోండి, తీసినవాళ్ల పేరు వేయొచ్చా వద్దా అని వాళ్లనే అడగండి. మన చట్టంలో ప్రదర్శకులకు 50 ఏళ్ల హక్కు ఉంది, పాటల హక్కులు వేరే, కాబట్టి దీన్ని అమ్ముకునే ఆలోచన చేయకండి. స్కాన్ చేసిన రీళ్లలో కుటుంబం ఉన్నవి ముందు పెన్ డ్రైవ్‌లో వేసి వాళ్లకు ఇచ్చేయండి. మాకు ఏడు రీళ్లు ఇచ్చిన పెదబాపు, కచేరీ రీలు ఒక్కసారి చూసి ఊరుకున్నాడు, తన చిన్న కూతురు మంచులో జారిపడి నవ్వే పన్నెండు సెకన్లు మాత్రం మాతో ఆరేడుసార్లు వేయించుకున్నాడు.

అసలు రీళ్లు కూడా వాళ్లకే తిరిగి ఇవ్వాలి. సజ్జ మీద కాకుండా కింద బీరువాలో, గోడకు తగలకుండా పెట్టమని చెప్పండి. డబ్బా మీద పాత కాగితం, పోస్టు ముద్ర ఏదైనా ఉంటే పీకేయకండి. ఏడాది, ఊరు, తీసినవాళ్ల పేరు పెన్సిల్‌తో ఇంకో కాగితం మీద రాసి లోపల పెట్టండి.