పదో తరగతి మొదలైందా? ముందు అడ్మిషన్ రిజిస్టర్ చూడండి

పిల్లలు పదో తరగతికొచ్చారంటే మా తిరుపతిలో ఇంటిల్లిపాదికీ ట్యూషన్ల టెన్షనే. అది ఎలాగూ మార్చి దాకా తప్పదు. దానికన్నా ముందు, జూన్‌లో బడి తెరిచిన వారంలోనే, అరగంట కూడా పట్టని పని ఒకటుంది: స్కూలుకెళ్లి అడ్మిషన్ రిజిస్టర్ అడిగి పిల్లల పేరు, ఇంటిపేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టినతేదీ ఎలా రాశారో ఆధార్‌తో, బర్త్ సర్టిఫికెట్‌తో పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఆ రిజిస్టర్ చూసి పరీక్షలకు పంపే నామినల్ రోల్స్‌లో (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితాలో) ఏముంటే మార్కుల మెమోలో అదే వస్తుంది, రేపు పాస్‌పోర్టుకైనా ఉద్యోగానికైనా పుట్టినతేదీకి ఎక్కువగా చూపించేది ఆ మెమోనే.

నా మెమోలో ఇంటిపేరులో ఒక్క ఇంగ్లీషు అక్షరం ఎగిరిపోయింది. అప్పటికి తిరుపతి వేరే జిల్లా కాలేదు (2022లో అయింది), డీఈవో (జిల్లా విద్యాధికారి) ఆఫీసంటే చిత్తూరే. పొద్దున్నే బస్సెక్కి 70 కిలోమీటర్లు పోవడం, ఫలానా కాగితం లేదంటే తిరిగి రావడం, ఇలా మూడుసార్లు.

ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు వయసు సరిపోవాలని పుట్టినతేదీ జూన్ 1 అని రాయించేసిన ఇళ్లు మన దగ్గర తక్కువేం లేవు, మీరూ ఆ బాపతైతే ఇప్పుడే హెడ్మాస్టరుగారితో మాట్లాడండి. నామినల్ రోల్స్ మీద సంతకం పెట్టించేటప్పుడు దాన్ని ఫోన్‌లో ఒక ఫోటో తీసుకోమని పిల్లలకి చెప్పడం కాదు, మీరే వెళ్లి తీసుకోండి.