మీ ఇంటి జోలపాట ఎక్కడిదో తెలియాలంటే చివరి చరణం పట్టుకోండి

మా ఇంట్లో మూడు తరాలుగా పిల్లల్ని పడుకోబెట్టే పాట ఒకటే, జో అచ్యుతానంద. మీ ఇంట్లోనూ అదే అయ్యుండొచ్చు. అది ఎవరిది, మన దాకా ఎలా వచ్చింది అని తేల్చుకోవాలనుకుంటే ముందే గూగుల్ జోలికి పోకండి, ఇంట్లో పెద్దావిడ దగ్గర కూర్చోండి. నెట్‌లో దొరికేది అందరి పాట, మీకు కావాల్సింది మీ ఇంటి పాట.

అయితే "పాడు అమ్మమ్మా" అనగానే పాడేయరు. కంచరపాలెంలో మా అమ్మమ్మ రెండు లైన్లు పాడి "గుర్తులేదురా, వదిలెయ్" అంది. మా అక్క ఒక దిండు తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది. చెయ్యి దానంతటదే జోకొట్టడం మొదలెట్టింది, ఆ వెనకే చరణాలు ఒక్కొక్కటీ వచ్చేశాయి, మధ్యలో ఒకటి వరస తప్పినా ఆవిడకి పట్టలేదు. ఫోన్ దగ్గరగా పెట్టుకోండి, ఫ్యాన్ ఆపండి (వైజాగ్ ఉక్కలో అది చిన్న త్యాగం కాదు). తప్పు పాడినా దిద్దొద్దు, పనికొచ్చేవి ఆ తప్పులే.

విన్నది విన్నట్టు రాసుకుని నేరుగా చివరికి వెళ్లండి. మన వాగ్గేయకారులు పాట చివర ముద్ర వేస్తారు, అంటే పాట ఎవరిదో తెలిపే గుర్తు మాట. త్యాగరాజు తన పేరే పెట్టుకుంటాడు, క్షేత్రయ్యది మువ్వగోపాల, అన్నమయ్యది (1408–1503) వేంకటేశుడు. వేరే ఊరి దేవుడి మీద రాసినా ఆయన చివర్లో వేంకటేశుణ్ణి తలుచుకోవడం మామూలే. ఈ జోలలో మాత్రం "తాళ్ళపాకన్నయ్య" చెప్పాడని ఉంటుంది, మంగళం "తిరుపట్ల మదనగోపాల"కి పాడతారు! పాట అన్నమయ్యదేనని పాటే చెబుతోంది, సరే, కానీ ఈ ముద్ర తేడాని పట్టించుకోకుండా ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు నచ్చదు.

మా అమ్మమ్మ అక్కడ "తిరుపతి మదనగోపాల" అని పాడింది. తెలియని పేరు నోట్లో నలిగి తెలిసిన ఊరైపోయిందన్నమాట. పుస్తకం చూసి నేర్చుకున్నవాళ్లు ఇలా పాడరు, కాబట్టి మా ఇంటికి ఇది చెవిన పడే వచ్చింది.

చాలామందికి చివరి చరణం రాదు, పిల్ల రెండో చరణానికే పడుకుంటుంది కదా. అలాంటప్పుడు బారసాలల్లో పాడే ముత్తయిదువల్ని అడగండి, ఉయ్యాల్లో వేసేటప్పుడు మొత్తం పాడేవాళ్లు వాళ్లే.

బాణీ కూడా అన్నమయ్య నాటిదే అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆయన పాటలు చెక్కిన తిరుమల రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు ఉంటాయి గానీ స్వరాలు ఉండవు.

పాట ముద్ర లేని పల్లెపాట అయితే ఆంధ్రా యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లి జానపద పాటలు సేకరించిన బిరుదురాజు రామరాజు, నేదునూరి గంగాధరం పుస్తకాలు అడగండి. ఆన్‌లైన్‌లో వెతికితే పల్లవి కాకుండా మధ్య చరణంలోని వింత మాట ఒకటి కొట్టండి, పల్లవితో కొడితే సినిమా పాటలే వస్తాయి.

ఆఖరుగా, ఎవరి దగ్గర నేర్చుకున్నారో తప్పకుండా అడగండి. మా అమ్మమ్మ వాళ్లమ్మ దగ్గర నేర్చుకుందని అనుకున్నాను, కాదట, భీమిలిలో వాళ్ల అత్తగారి దగ్గరట. ఇన్నాళ్లూ నేను వెతికింది వేరే వైపు. ఆ అత్తగారి కూతురు ఇప్పటికీ భీమిలిలోనే ఉంటున్నారు, ఈ ఆదివారం బస్సెక్కుతున్నాం, దిండు అక్క తెస్తానంది.