కథ వినిపించే ముందు రాసిపెట్టుకోండి

సినిమా కథ పట్టుకుని ఫిల్మ్‌నగర్ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న కొత్త రచయితలకు ఒక మాట. మన దగ్గర కథ చదివేవాళ్ల కంటే వినేవాళ్లే ఎక్కువ. దాంతో చాలామంది కథను బుర్రలోనే ఉంచుకుని నరేషన్‌కి, అంటే నోటితో కథ చెప్పడానికి, వెళ్లిపోతారు. దయచేసి అలా వెళ్లకండి. 1957 కాపీరైట్ చట్టం ఉత్త ఐడియాను కాపాడదు, దాన్ని మీరు రాసిన తీరునే కాపాడుతుంది. తన నాటకాన్ని సినిమాగా కాపీ కొట్టారని నాటక రచయిత ఆర్.జి. ఆనంద్ వేసిన కేసులో 1978లో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే. కాబట్టి రెండు లైన్ల ఐడియాను రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించి ధీమాగా ఉండొద్దు. పాత్రలు, సీన్ల వరుస, ఇంటర్వెల్, క్లైమాక్స్, కుదిరితే డైలాగులతో సహా రాసి, ఆ మొత్తాన్నీ రిజిస్టర్ చేయించండి. ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో సభ్యులైతే ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు.

ఇంకోటి, నాకైతే ఇదే అన్నిటికంటే ముఖ్యం. కథ చెప్పి వచ్చిన రోజే "ఈరోజు మీకు వినిపించిన కథ సినాప్సిస్ పంపుతున్నాను సార్" అని కథ సారాంశం జతచేసి మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. ఎవరికి, ఎప్పుడు, ఏం వినిపించారో తేదీతో సహా రికార్డు ఉంటుంది. మొహమాటపడకండి, నిజాయితీగా పనిచేసేవాళ్లు దీన్ని తప్పుగా అనుకోరు.