వరదలో చిక్కుకున్న పశువుల కోసం సహాయ శిబిరం: ఎక్కడ పని చెడుతుంది, ఎలా సరిదిద్దుకోవాలి

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు నీరు విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట ప్రాంతాలను ముంచెత్తినప్పుడు, పడవల్లో ఫ్లైఓవరు దగ్గరికి చేరినవారిలో కొందరు మంచినీళ్ల సీసా అందుకుంటూనే “గేదెను కట్టేసి వచ్చేశామండీ” అని చెప్పడం విన్నాను. అవే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు ఒడ్డున ఉన్న కాలనీలదీ ఇదే పరిస్థితి. ఆ వారమంతా ఒక చిన్న స్వచ్ఛంద బృందంలో ఫోన్ల దగ్గర కూర్చున్నాను. మాకు మనుషుల కొరత రాలేదు, డబ్బు కొరతా పెద్దగా రాలేదు. అయినా పని చాలాసార్లు ఆగిపోయింది. ఎక్కడెక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో, ఏం చేస్తే కదిలిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పశువును ఉన్నచోటి నుంచి తేవడం కంటే, అది ఉన్నచోటికే మేత, నీళ్లు చేర్చడం చాలా సందర్భాల్లో మంచిదన్నది నా అభిప్రాయం. కింద రాసిన పరిష్కారాలలో చాలావరకు ఆ అభిప్రాయం మీదే నిలబడి ఉన్నాయి.

ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి, పడవ మాత్రం ఒకే ఇంటికి మూడుసార్లు వెళ్లింది

మొదటి రోజు మాకు జరిగినదే ఇది. డాబా మీద ఉన్న కుక్క ఫోటో ఒకటి వాట్సాప్‌లో వందల గ్రూపులు తిరిగింది. ఉదయం ఒక బృందం దాన్ని దింపేసింది. ఆ సంగతి తెలియక మధ్యాహ్నం మరొకరు, సాయంత్రం ఇంకొకరు అదే డాబా దగ్గరికి పడవ తీసుకువెళ్లారు. కబురు పంపేవారికి అది పూర్తయిందో లేదో తెలిసే దారి లేకపోవడం, వచ్చిన ప్రతి కబురునూ కొత్తదిగా భావించి పడవను పంపేయడం దీనికి కారణాలు.

దీనికి పరిష్కారం ఒకే ఫోన్ నంబరు, ఒకే లాంగ్‌బుక్కు. ఎంత మంచి యాప్ ఉన్నా మొదటి 3 రోజులు కాగితమే నయం, ఎందుకంటే ఛార్జింగ్ ఉండదు, సిగ్నల్ అంతకన్నా ఉండదు. ప్రతి కబురుకు ఒక వరుస సంఖ్య వేయాలి. వీధి పేరుతో సరిపెట్టకుండా నీళ్లలోంచి కూడా కనిపించే గుర్తు (గుడి గోపురం, సెల్ టవరు, నీళ్ల ట్యాంకు), ఏ జంతువు, ఎన్ని, కట్టేసి ఉందా వదిలేసి ఉందా, యజమాని అక్కడే ఉన్నాడా, చివరిసారి ఎవరు ఎన్ని గంటలకు చూశారు అన్నవి రాసుకోవాలి. మా పుస్తకంలో ఒక వరుస ఇలా ఉండేది: “41. వాటర్ ట్యాంకు వెనక సందు, నీలం గేటు. సూడి గేదె 1, దూడ 1. రేకుల షెడ్డులో, పలుపుతో. యజమాని మేడ మీద. ఉదయం 7:10కి తానే చెప్పాడు.” ఇంత వివరం ఉంటే పడవవాడు మళ్లీ ఫోన్ చేయవలసిన అవసరం ఉండదు. ఫోటో మాత్రమే వచ్చి, తీసినవారి నంబరు లేకపోతే, ఆ కబురును పక్కన పెట్టి ముందు మనిషిని వెతకాలి. పని పూర్తయ్యాక ఆ వరుసను ఎర్ర సిరాతో కొట్టేయాలి, కబురు పంపినవారికి ఫోన్ చేసి ఆ మాట చెప్పాలి. ఈ రెండో పనిని అందరూ వదిలేస్తారు. అది చేయకపోతే పాత ఫోటో మళ్లీ తిరుగుతుంది.

వందమంది వచ్చారు, పది మందికే పని దొరికింది

వచ్చిన ప్రతివారూ పడవ ఎక్కడానికే వస్తారు. గడ్డి దింపడానికి, పేడ ఎత్తడానికి, పుస్తకం రాయడానికి వచ్చామని చెప్పేవారు అరుదు. పని ఇన్ని రకాలుగా ఉంటుందని పిలిచినవారే ముందుగా చెప్పకపోవడం ఇక్కడి అసలు కారణం. కాబట్టి పిలుపులోనే పనులు విడివిడిగా రాయాలి: పడవకు నలుగురు, గడ్డి దించి పంచడానికి పన్నెండు మంది, రాత్రి కాపలాకు ముగ్గురు, ఫోన్లకు ఇద్దరు అన్నట్లుగా. వచ్చినవారి దగ్గర ఈత వచ్చా, పశువులతో అలవాటు ఉందా, రేబిస్ ముందస్తు టీకా వేయించుకున్నారా, ఎన్ని గంటలు ఉండగలరు అని అడిగి పేరు రాసుకోవాలి. టీకా లేనివారిని కుక్కలను పట్టే పనికి పంపకూడదు. ఎవరినైనా కుక్క కరిస్తే, గీరినా సరే, సబ్బుతో ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి పంపాలి. వరద నీటిలో కాళ్లు పెట్టేవారికి గాయాలుంటే ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ రావచ్చు. అందుకని గమ్‌బూట్లు లేనివారికి ఒడ్డు మీద పని అప్పగించాలి.

జాతీయ, రాష్ట్ర విపత్తు స్పందన దళాలు (ఎన్‌డీఆర్‌ఎఫ్, ఎస్‌డీఆర్‌ఎఫ్), అగ్నిమాపక శాఖల పడవలు మనుషుల కోసం తిరుగుతున్నంత సేపు ఆ దారికి అడ్డు రాకూడదు. కంట్రోల్ రూముకు చెప్పకుండా ఏ పడవనూ నీళ్లలోకి దించకూడదు, ఆ ప్రాంతంలో కరెంటు తీసేశారని నిర్ధారించుకోకుండా అసలే దించకూడదు. చీకటి పడ్డాక పడవ పని వద్దు.

దగ్గరికి వెళ్తే జంతువు పారిపోతోంది, లేదా పడవలోకి దూకి పడవనే ముంచుతోంది

రెండు రోజులు ఆకలితో, తడిసి, మోటారు చప్పుడుకు బెదిరిన కుక్క మనల్ని ఆదుకునేవారిగా చూడదు. మోటారు ఆపి, తెడ్డుతో దగ్గరికి చేరి, ముందు తిండి విసిరి, కాసేపు ఊరుకోవాలి. యజమాని ఉంటే ఆయన్నే పిలవనివ్వాలి. పట్టేటప్పుడు గోనెపట్టా లేదా మందపాటి దుప్పటి కప్పితే చూపు తగ్గి నెమ్మదిస్తుంది. పిల్లులకు, కోళ్లకు గాలి ఆడే ప్లాస్టిక్ కూరగాయల ట్రేలు రెండు బోర్లించి కట్టినవి చాలు, ఖరీదైన బోనుల కోసం ఎదురు చూడనక్కర్లేదు. పాము కనిపిస్తే దాన్ని పట్టే ప్రయత్నం చేయకుండా అటవీ శాఖకు కబురు పెట్టాలి.

గేదెల సంగతి వేరు. గేదె బాగా ఈదగలదు. దాన్ని చంపేది చాలాసార్లు పలుపే. నీరు నడుము దాకా వచ్చేసరికి ముడి నానిపోయి, గేదె గుంజుతున్న కొద్దీ బిగుసుకుని, రాయిలా అవుతుంది. వేళ్లతో విప్పాలని చూస్తే గోళ్లు విరుగుతాయి తప్ప ముడి రాదు. అందువల్ల పడవలో ప్రతి ఒక్కరి దగ్గరా కొడవలి గాని, పళ్ల అంచు కత్తి గాని ఉండాలి. మెడ వైపు కాకుండా గుంజ వైపు కోయాలి. కత్తి జారినా పశువుకు తగలదు, మెడకు ఉన్న తాడు తర్వాత పట్టుకోవడానికి పనికొస్తుంది. పెద్ద పశువును పడవలోకి ఎక్కించాలని చూడకండి. నీరు నిలిచి ఉండి, దూరం కొద్దిపాటిదైతే, తాడును పడవకు కట్టకుండా చేత్తో పట్టుకుని, తల నీటిపైన ఉండేలా నెమ్మదిగా ఈదించుకు రావచ్చు. నీటికి వడి ఉంటే ఆ ఆలోచన మానుకుని, దగ్గరలోని కరకట్ట, రోడ్డు గట్టు, రైలు కట్ట పక్కనున్న ఎత్తైన స్థలం ఏదుంటే అక్కడికి తోలి, మేత అక్కడికే చేర్చాలి.

మేత లారీ వచ్చింది, పశువులు తినడం లేదు. తిన్నవాటికి కడుపు ఉబ్బుతోంది

అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది, అదీ మంచి మనసుతో చేసిన పని వల్ల.

సహాయ శిబిరాల్లో పులిహోర, సాంబారన్నం పొట్లాలు మిగులుతాయి. పారేయడం ఎందుకని వాటిని పశువుల ముందు కుమ్మరిస్తారు. ఆకలిగా ఉన్న గేదె పది కిలోల అన్నమైనా తింటుంది. దాని మొదటి పొట్ట ఎండుగడ్డిని పులియబెట్టడానికి ఏర్పడినది. ఒక్కసారిగా వచ్చిపడిన అన్నం అక్కడ ఆమ్లంగా మారి, నెమరు ఆగిపోయి, పశువు కూలబడుతుంది. బస్తాలకు బస్తాలు బియ్యం, మొక్కజొన్న పిండి పెట్టినా ఇదే జరుగుతుంది. రెండో కారణం తడిసిన గడ్డి. టార్పాలిన్ లేని లారీలో వచ్చిన వరిగడ్డి మోపులు పైకి బాగానే కనిపిస్తాయి. మోపు మధ్యలోకి చేయి దూర్చి చూస్తే వేడిగా, జిగటగా తగులుతుంది, విప్పితే బూజు వాసన వస్తుంది. పశువు దాన్ని వాసన చూసి వదిలేస్తే మనమే “తినడం లేదు” అంటాం. ఆ విషయంలో దానికి మనకన్నా ఎక్కువ తెలుసు.

కాబట్టి లారీ రాగానే నాలుగైదు మోపులను నడిమికి విప్పి చూసి, బూజు ఉన్నవాటిని పక్కన వేయాలి. మంచివాటిని ఇటుకల మీద పరిచిన చెక్కలపైన పేర్చి, పైన టార్పాలిన్ కప్పాలి. మొదటి రోజు ఎండుగడ్డి, నీళ్లు మాత్రమే ఇవ్వాలి. తవుడు, దాణా రెండో రోజు నుంచి గుప్పెళ్లతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. పశువు ప్రాణం నిలవడానికి రోజుకు 5 నుంచి 6 కిలోల ఎండుగడ్డి, 40 నుంచి 50 లీటర్ల నీళ్లు అన్న లెక్క పెట్టుకుంటే తప్పు పోదు. 60 పశువులున్న గట్టుకు రోజుకు 360 కిలోల గడ్డి, 3,000 లీటర్ల నీళ్లు కావాలన్నమాట. గడ్డి గురించి అందరూ ఆలోచిస్తారు గాని చుట్టూ నీళ్లున్నాయి కదా అని ట్యాంకరును మరచిపోతారు. ఆ నీళ్లలో మురుగు, డీజిలు, కళేబరాలు అన్నీ ఉంటాయి.

ఎడమ డొక్క డోలులా ఉబ్బి, పశువు ఆయాసపడుతుంటే 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవాలి. డాక్టరు వచ్చేదాకా ముందుకాళ్లు ఎత్తు మీద ఉండేలా నిలబెట్టాలి. అలవాటు లేనివారు నోరు తెరిచి నూనె పోయకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం పోవచ్చు.

దాతలు పంపేవాటి విషయంలో మేము నేర్చుకున్నది ఒక్కటే. “కావలసినవి” అని పట్టిక రాసే ముందు “వద్దు” అని పట్టిక రాయాలి: వండిన అన్నం, పాత బట్టలు, చాక్లెట్ బిస్కెట్లు, గడువు దాటిన మందులు. ఆ పట్టిక బయటికి వెళ్లాక మా గోదాములో నడవడానికి చోటు దొరికింది.

గిట్టలు కుళ్లుతున్నాయి, గొంతు వాస్తోంది

రోజుల తరబడి బురదలో నిలబడిన పశువుకు గిట్టల మధ్య పుండ్లు పడతాయి. పలచని పొటాషియం పర్మాంగనేట్ నీటితో కడిగి, పొడి నేల మీదికి మార్చడమే మొదటి వైద్యం. జ్వరం, గొంతు వాపు, గురక కనిపిస్తే అది గొంతువాపు వ్యాధి కావచ్చు. గంటలు లెక్కపెట్టవలసిన జబ్బు కనుక ఆ పశువును వేరు చేసి, అప్పుడే డాక్టరును పిలవాలి. టీకాలు ఎప్పుడు, వేటికి వేయాలో పశుసంవర్ధక శాఖ డాక్టరే నిర్ణయించాలి. స్వచ్ఛంద బృందం చూసుకోవలసినది ఐసు పెట్టె ఒకటి: టీకా సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, కరెంటు లేని ఊళ్లో ఫ్రిజ్‌ను నమ్ముకుంటే వేసిన టీకా వేయనట్టే.

ఒక గేదెకు ఇద్దరు యజమానులు వచ్చారు

తెచ్చేటప్పుడు తొందరలో ఏమీ రాసుకోకపోతే ఇది తప్పదు. నీళ్లలో నానిన నల్లగేదెలన్నీ ఒకేలా ఉంటాయి. ముందు చెవి చూడాలి. పసుపు పచ్చ ట్యాగు ఉంటే దాని మీది 12 అంకెల సంఖ్యను రాసుకోవాలి. లేకపోతే రెండు పక్కల నుంచి, ముఖం నుంచి ఫోటోలు తీసి, కొమ్ముల వంపు, నుదుటి మచ్చ, తోక కుచ్చు రంగు, వాతలు రాసి, పుస్తకంలోని వరుస సంఖ్యనే కొమ్ము మీద పెయింటుతో వేయాలి. అప్పగించేటప్పుడు యజమాని చెప్పే గుర్తులను, మనం రాసుకున్నవాటితో ఆయనకు చూపించకుండా సరిపోల్చి, సంతకం తీసుకోవాలి. వరద తర్వాత బేరగాళ్లు శిబిరాల చుట్టూ తిరుగుతారు, మొహమాటపడి ఎవరికీ తాడు అందించకండి.

ఇక్కడే ఇంకో తగాదా ఉంది: పాలు. పాడి పశువును పిండకుండా వదిలితే పొదుగువాపు వస్తుంది, పిండితే పాలు ఎవరివన్న ప్రశ్న వస్తుంది. దూడకు వదిలాక మిగిలినవి శిబిరం వంటకు అని మొదటి రోజే బోర్డు మీద రాసిపెట్టండి.

చచ్చిన పశువును పూడ్చేశారు, పరిహారం రాలేదు

వాసన భరించలేక, జబ్బులు వస్తాయన్న భయంతో వెంటనే గొయ్యి తీస్తారు. ఆ రైతుకు చనిపోయినట్టు రుజువు ఉండదు. 2022-26 కాలానికి కేంద్రం నిర్ణయించిన విపత్తు సహాయ నిబంధనల ప్రకారం పాడి గేదెకు గాని ఆవుకు గాని 37,500 రూపాయలు, దుక్కిటెద్దుకు 32,000, గొర్రెకు గాని మేకకు గాని 4,000 ఇవ్వవచ్చని ఉంది. కౌలు రైతుకు ఇది చిన్న మొత్తం కాదు. పూడ్చక ముందు చెవి ట్యాగు కనిపించేలా, యజమాని పక్కన నిలబడి ఉండగా ఫోటో తీసి, పశువైద్యుడి చేత ధ్రువీకరణ, పంచనామా రాయించాలి. తర్వాత బావులకు, కాలువలకు దూరంగా లోతైన గొయ్యిలో సున్నం చల్లి పూడ్చాలి. చేతికి గ్లౌజులు లేకుండా కళేబరాన్ని ముట్టుకోకూడదు.

పదో రోజుకు పశువులున్నాయి, మనుషులు లేరు

నీరు తీయగానే వార్తలు ఆగుతాయి, వాటితోపాటు స్వచ్ఛంద సేవకులూ ఇళ్లకు వెళ్లిపోతారు. గట్టు మీద పశువులకు గడ్డి అవసరం మాత్రం అప్పుడే ఎక్కువ, ఎందుకంటే రైతు తిరిగి వెళ్లే ఇంట్లో గడ్డివాము కుళ్లి ఉంటుంది, చేలో పచ్చిక బురద కింద ఉంటుంది. మొదటి రోజు పేర్లు రాసుకునేటప్పుడే నాలుగో వంతు మందిని “రెండో వారానికి రండి” అని వెనక్కి పంపండి. వారికి కోపం వస్తుంది, అయినా పంపండి. డబ్బులో మూడో వంతును ముట్టుకోకుండా ఉంచి, పశువును అప్పగించేటప్పుడు పదిహేను రోజుల ఎండుగడ్డి కూడా ఇచ్చి పంపండి. వీధి కుక్కలను ఏ సందులో నుంచి తెచ్చారో అదే సందులో వదలాలి, ఆ సందు పేరు పుస్తకంలో ఉంటుంది.

చివరికి ఎర్ర సిరా పడని వరుసలు కొన్ని మిగులుతాయి. మాకు ఏడు మిగిలాయి. వాటిని ఒక తెల్లకాగితం మీద తిరిగి రాసి, ఒక ప్రతి గ్రామ సచివాలయంలోని పశుసంవర్ధక సహాయకుడికి, ఒకటి వార్డు కార్యాలయానికి ఇచ్చాము. మూడు వారాల తర్వాత 63వ వరుసలోని తెల్లమచ్చ మేకపోతు కోసం ఒక ముసలాయన వచ్చాడు.