సూర్యలంక తీరాన వలస పిట్టలు: పోటు చూసుకుని బయల్దేరండి

మన వైపు చాలామంది డిసెంబరు, జనవరి సెలవుల్లో బైనాక్యులర్ పట్టుకుని సముద్రానికి వెళ్తారు. అప్పటికి తీరపు పిట్టలన్నీ బూడిదరంగుకు తిరిగిపోయి ఉంటాయి, ఏది ఏదో పోల్చుకోవడం కొత్తవాళ్లకు గగనమే. ఆగస్టు నడుమ నుంచి సెప్టెంబరు చివరి దాకా వెళ్లండి. ఉత్తరాన సైబీరియా, మధ్య ఆసియా నేలల్లో పిల్లలు చేసుకుని దిగివచ్చేవాటిలో ఎదిగిన పిట్టలు ముందు వస్తాయి. వాటి ఒంటి మీద జతకట్టే కాలపు రంగు ఇంకా మిగిలి ఉంటుంది. కర్ల్యూ శాండ్‌పైపర్ పొట్ట మీద ఇటుకరంగు మచ్చలు, లెస్సర్ శాండ్ ప్లోవర్ రొమ్మున వెలిసిపోతున్న కావి పట్టీ, గ్రే ప్లోవర్ పొట్ట కింద నల్లటి మరకలు కనిపిస్తాయి. సెప్టెంబరులో ఆ ఏటి పిల్లలు దిగుతాయి. వాటి వీపు ఈకలు ఒక్కొక్కటీ లేత అంచుతో, పొలుసులు పేర్చినట్టు నీటుగా ఉంటాయి. పెద్దవాటి ఈకలు అరిగి, చివర్లు చీకిపోయి ఉంటాయి. ఈ తేడా ఒకసారి కంటికి పడితే పిట్ట వయసు అక్కడికక్కడే చెప్పేయొచ్చు.

వెళ్లే వేళను గడియారం కాదు, పోటు నిర్ణయిస్తుంది. పాటు వేళ నీళ్లు వెనక్కి పోతాయి, పిట్టలు బురద మీద దూరదూరంగా చెదిరిపోతాయి. పోటు ఎక్కేకొద్దీ మేసే చోటు కుంచించుకుపోయి గుంపులుగా ఒడ్డుకు జరుగుతాయి. కాబట్టి పోటు నిండడానికి రెండున్నర గంటల ముందే చోటు చూసుకుని కూర్చోవాలి. గోడమీది పంచాంగం క్యాలెండరే దీనికి సగం పని చేస్తుంది. మన తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పెద్ద పోటు ఉదయం సుమారు 8, 9 గంటల మధ్య నిండుతుంది, మళ్లీ రాత్రి అదే వేళకు. ఆ తర్వాత రోజుకు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. అష్టమి నాటికి మధ్యాహ్నానికి పోతుంది, పైగా నీటి ఎత్తులో తేడా కూడా తక్కువే. ఇది అంచనా మాత్రమే. బయల్దేరే ముందు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వెబ్‌సైట్‌లో పోటు వేళలూ, ఉప్పెన కెరటాల హెచ్చరికలూ చూసుకోండి.

సూర్యలంకకు గుంటూరు నుంచి పొన్నూరు, బాపట్ల మీదుగా సుమారు 60 కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే వెలుగు వచ్చేసరికి ఇసుక మీద ఉంటారు. రైల్లో వచ్చేవాళ్లు బాపట్లలో దిగి ఆటో ఎక్కొచ్చు. ఆదివారం మాత్రం వద్దు, స్నానాలకు వచ్చే జనంతో తీరం నిండిపోతుంది. మామూలు రోజైనా జనం దిగే చోటు వదిలి కనీసం కిలోమీటరు నడవాలి. దగ్గర్లో వాయుసేన స్థావరం ఉంది, అటువైపు కెమెరా తిప్పొద్దు, డ్రోన్ ఊసే వద్దు. విజయవాడ వాళ్లకు బందరు పక్కన మంగినపూడి దగ్గర. అక్కడ ఇసుక కన్నా నల్లమట్టి ఎక్కువ. బురదలో పొడుచుకు తినే పిట్టలు కావాలంటే నిజాంపట్నం వైపు మొగలు, అంటే పాయలు సముద్రంలో కలిసే చోట్లు, మేలు. పోటు బాగా నిండాక తీరంలో ఏమీ కనబడకపోతే చినగంజాం ఉప్పు మడులూ, పట్టుబడి అయ్యాక నీళ్లు తీసేసిన రొయ్యల చెరువులూ చూడండి. యజమానిని అడిగాకే గట్టు ఎక్కండి.

వెలుగు సంగతి చాలామంది మర్చిపోతారు. ఉదయం ఎండ సముద్రం వైపు నుంచి వస్తుంది, నేరుగా చూస్తే ప్రతి పిట్టా నల్లని నీడే. తీరం వెంట ముందు తూర్పుకు నడిచి, అక్కడ ఆగి పడమర వైపు తిరిగి చూడండి. అసలు మంచి వేళ అమావాస్య, పౌర్ణమి రోజుల సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు: ఎండ మీ వీపు వెనక, పోటు ఎక్కుతూ పిట్టలు ముందుకు. వాన లేకపోతే ఆ గంటన్నరను వదులుకోవద్దు.

గుంపు కనబడగానే నేరుగా నడిచిపోవడమే అందరూ చేసే తప్పు. ఏటవాలుగా, ఆగి ఆగి వెళ్లండి. తినడం మాని తలలెత్తాయంటే అప్పటికే దగ్గరైపోయారని అర్థం. పది అడుగులు వెనక్కి వేసి కూర్చోండి. నిలబడ్డ మనిషికి బెదిరే పిట్ట కూర్చున్న మనిషి పక్కగా మేస్తూ పోతుంది. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. లిటిల్ స్టింట్ మొత్తం బరువే 20 నుంచి 30 గ్రాములు. వేల కిలోమీటర్లు ఎగిరి కొవ్వు కరిగిపోయి దిగిన ఆ ప్రాణికి పోటుకూ పాటుకూ మధ్య దొరికే మేత గంటలే ఆధారం. ఫొటో కోసం గుంపును లేపితే ఆ మేతను మనం లాక్కున్నట్టే. కుక్కను వెంట తీసుకురావద్దు.

పోల్చుకోవడం రంగుతో కాదు, నడకతో మొదలుపెట్టండి. నాలుగడుగులు పరుగెత్తి, టక్కున ఆగి, ఒక్క పోటు పొడిచేది ప్లోవర్: పెద్ద కన్ను, పొట్టి ముక్కు. తల ఎత్తకుండా కుట్టుమిషన్‌లా పొడుస్తూ పోయేవి స్టింట్లు, శాండ్‌పైపర్లు. తెలుగులో ఉల్లంకి పిట్టలు. వెనక్కి పోయే అల వెంట పరుగెత్తి, వచ్చే అలకు వెనుదిరిగేది శాండర్లింగ్. తోక భాగం ఆపకుండా ఊపేది కామన్ శాండ్‌పైపర్. దాని భుజం ముందు తెల్లటి చీలిక చూడండి. కెంటిష్ ప్లోవర్ మెడ వెనక తెల్లపట్టీ ఉంటుంది, లెస్సర్ శాండ్ ప్లోవర్‌కు ఉండదు. వంకర ముక్కు తల పొడవుకు రెండింతలై, నెత్తిన ముదురు చారలుంటే వింబ్రెల్. ముక్కు అంతకన్నా బాగా పొడవై, నెత్తి సాదాగా ఉంటే కర్ల్యూ. ఎగిరేటప్పుడు రెక్క వెనక అంచున వెడల్పాటి తెల్లగీత మెరిస్తే, కాళ్లు నారింజ ఎరుపైతే, రెడ్‌షాంక్.

8×42 బైనాక్యులర్ చాలు. స్టాండు మీద నిలిపి చూసే స్పాటింగ్ స్కోప్ ఉంటే 20 నుంచి 30 రెట్ల మధ్యే వాడండి. ఉదయం పది దాటాక ఇసుక మీద వేడిగాలి ఆడి, రెట్లు పెంచేకొద్దీ బొమ్మ వణుకుతుంది. ఏసీ కారులోంచి దించగానే అద్దాలు ఆవిరి పడతాయి, పావుగంట ముందే కిటికీలు తెరవండి. ఉప్పు తుంపర పడ్డ అద్దాన్ని పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ముందు మంచినీళ్లతో తడిపిన మెత్తని గుడ్డ అద్దండి, ఆ తర్వాతే తుడవండి.

మొగల దగ్గర బురద పైకి గట్టిగా కనబడి మోకాలి దాకా దిగిపోతుంది. జాలర్లు నడిచిన దారి తప్ప తొక్కొద్దు. పాటులో దాటిన పాయ పోటులో లోతెక్కుతుంది, తిరుగుదారి ముందే చూసుకోండి. ఉరుము వినబడితే తీరం వదిలేయండి. ఆ ఇసుక మీద అన్నిటికన్నా ఎత్తైనది మీరే.

కాలికి రంగు జెండా గానీ లోహపు కడియం గానీ కనబడితే ఏ కాలు, మోకాలికి పైనా కిందా, రంగుల వరుస, అక్షరాలు అన్నీ అక్కడే రాసుకోండి. ఫొటో మసగ్గా ఉన్నా ఉంచుకోండి. తేదీ, చోటు జతచేసి ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి, లెక్కలు పిట్టల నమోదు వెబ్‌సైట్ ఈబర్డ్‌లో ఎక్కించండి. జాతి తేలనివాటిని ఊహించి రాయకుండా ‘స్టింట్, జాతి తెలియదు’ అనే నమోదు చేయండి.