పాత విండోస్, కొత్త విండోస్ ఒకే నెట్‌వర్క్‌లో: ఫోల్డర్ తెరుచుకోకపోతే తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

విండోస్ 7 కంప్యూటర్, విండోస్ 11 ల్యాప్‌టాప్, ఒక మ్యాక్. మూడూ ఒకే రౌటర్‌కు కలిసి ఉన్నాయి, మూడింటిలోనూ ఇంటర్నెట్ వస్తోంది. అయినా ఒకదానిలో షేర్ చేసిన ఫోల్డర్ మరొకదానిలో తెరుచుకోదు. ఈ స్థితిలో చాలామంది వరసగా మూడు పనులు చేస్తారు: ఫైర్‌వాల్ ఆపేస్తారు, పాస్‌వర్డ్ రక్షణ తీసేస్తారు, ఎస్‌ఎంబీ 1 అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతిని తిరిగి ఆన్ చేస్తారు. మూడూ ప్రమాదకరమైనవే. పైగా వాటి అవసరం నూటికి తొంభై పాళ్లు ఉండదు. దారి మూసుకుపోయిందా, పేరు దొరకడం లేదా, రెండు కంప్యూటర్ల ప్రోటోకాల్ (మాట్లాడుకునే పద్ధతి) కలవడం లేదా, మీరెవరో అవతలి కంప్యూటర్ ఒప్పుకోవడం లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. ఏ సెట్టింగ్ ముట్టుకోవాలో ఆ తర్వాతి మాట.

ముందుగా చేయాల్సిన పరీక్ష

రెండు కంప్యూటర్లలోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) కమాండ్ ఇవ్వండి. మామూలు రౌటర్ల కింద రెండు ఐపీ అడ్రస్‌లలోనూ మొదటి మూడు అంకెల గుంపులు ఒకటే ఉండాలి. ఒకటి 192.168.0 తోనూ మరొకటి 192.168.1 తోనూ మొదలైతే అవి వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉన్నట్టే. అందులో ఒకటి రెండో రౌటర్ వెనకో, గెస్ట్ వైఫైలోనో ఉండవచ్చు. అడ్రస్ 169.254 తో మొదలైతే ఆ కంప్యూటర్‌కు రౌటర్ నుంచి అడ్రస్ అందలేదు. అక్కడ కేబుల్, వైఫై చూడాలి, విండోస్ వెర్షన్ కాదు.

అడ్రస్‌లు సరిగా ఉంటే, ఏ కంప్యూటర్ నుంచి చూడాలనుకుంటున్నారో దానిలో విండోస్ బటన్‌తో పాటు ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో అవతలి కంప్యూటర్ అడ్రస్ ఇలా టైప్ చేయండి: \\192.168.1.20. ఫోల్డర్లు కనిపిస్తే సమస్య పేర్ల దగ్గరే. పాస్‌వర్డ్ అడిగితే దారి బాగుంది, గుర్తింపు దగ్గర ఆగింది. చాలాసేపు తిరిగి తిరిగి 80070035 తో ముగిసే ఎర్రర్ వస్తే దారి మీద గానీ ప్రోటోకాల్ మీద గానీ అనుమానపడాలి. వెంటనే భద్రతా విధానం ఒప్పుకోదనే సందేశం వస్తే అది కొత్త విండోస్ కావాలని వేసిన అడ్డు.

అడ్రస్‌తో తెరుచుకుంటుంది, నెట్‌వర్క్ జాబితాలో మాత్రం కనిపించదు

పాత విండోస్‌లో ఈ జాబితాను కంప్యూటర్ బ్రౌజర్ అనే సర్వీసు తయారు చేసేది. అది ఎస్‌ఎంబీ 1 మీద ఆధారపడింది కాబట్టి దాంతో పాటే పోయింది. ఇప్పుడు ఆ పని డబ్ల్యూఎస్-డిస్కవరీ చేస్తుంది. కనిపించాల్సిన కంప్యూటర్‌లో సర్వీసెస్ తెరిచి ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్‌ను ఆటోమేటిక్‌గా మార్చి స్టార్ట్ చేయండి. నెట్‌వర్క్ డిస్కవరీ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి. లినక్స్ కంప్యూటర్ జాబితాలో కనిపించాలంటే దానిలో డబ్ల్యూఎస్‌డీడీ అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకోవాలి.

వర్క్‌గ్రూప్ పేరు గురించి ఒక మాట. విండోస్ ఎక్స్‌పీ హోమ్‌లో ఆ పేరు ఎంఎస్‌హోమ్ అని ఉండేది, తర్వాతి వాటిలో వర్క్‌గ్రూప్ అనే ఉంటుంది. పేర్లు కలవలేదని గంటలు గంటలు దానితో కుస్తీ పట్టేవారున్నారు. ఆ పేరు జాబితాలో ఏది ఏ గుంపు కింద కనిపించాలో చెబుతుందంతే. ఫోల్డర్ తెరుచుకోవడానికీ దానికీ సంబంధం లేదు.

జాబితాను నమ్ముకోవడం కంటే రౌటర్‌లో ఆ కంప్యూటర్‌కు ఒక అడ్రస్ శాశ్వతంగా కేటాయించి, ఫోల్డర్‌ను నెట్‌వర్క్ డ్రైవ్‌గా పెట్టుకోవడం మేలు.

విండోస్ 7 లో ఉన్న హోమ్‌గ్రూప్ పనిచేయడం మానేసింది

విండోస్ 10 నుంచి 2018 లో వచ్చిన 1803 వెర్షన్‌తో, ఇంటి కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంచుకునే హోమ్‌గ్రూప్‌ను తీసేశారు. పాత కంప్యూటర్‌లో ఆ పేరు కనిపిస్తున్నా కొత్తదానితో అది కలవదు. ఫోల్డర్లను మామూలు పద్ధతిలో, యూజర్ పేరుతో మళ్లీ షేర్ చేయండి.

చాలాసేపు తిరిగి, చివరికి దారి దొరకలేదంటుంది

ఎక్కువసార్లు కారణం ఒక్కటే: షేర్ చేసే కంప్యూటర్ ఈ నెట్‌వర్క్‌ను పబ్లిక్ అనుకుంటోంది. కొత్త రౌటర్ పెట్టినప్పుడు విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్‌గా చూసి పబ్లిక్ కింద వేసేయవచ్చు. సెట్టింగ్స్‌లో ఆ కనెక్షన్‌ను ప్రైవేట్‌గా మార్చి, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చేయండి.

పింగ్‌కు (అవతలి కంప్యూటర్ ఉందా అని అడిగే కమాండ్) జవాబు రాలేదని దారి లేదని తేల్చేయకండి. ఫైర్‌వాల్ పింగ్‌ను మాత్రమే ఆపి ఉండవచ్చు. ఫైళ్లు వెళ్లేది 445 నంబరు పోర్టు (నెట్‌వర్క్ ద్వారం) మీదుగా. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ (Test-NetConnection) కమాండ్‌కు అవతలి అడ్రస్, ఈ పోర్టు నంబరు ఇస్తే చివరి వరుసలో ట్రూ అనో ఫాల్స్ అనో వస్తుంది. ఫాల్స్ అయితే విండోస్ ఫైర్‌వాల్, వేరే కంపెనీ యాంటీవైరస్‌లో ఉండే ఫైర్‌వాల్, వీపీఎన్ ఈ మూడూ చూడండి. పూర్తిగా ఆపేయక్కర్లేదు, లోపలి నెట్‌వర్క్‌కు అనుమతి ఇస్తే చాలు. వైఫైలో ఉన్న పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా చేసే ఐసొలేషన్ సెట్టింగ్ రౌటర్‌లో ఆన్‌లో ఉన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది.

445 తెరిచే ఉంది, అయినా కనెక్షన్ కుదరదు: ఇది నిజంగా వెర్షన్ల గొడవ

ఫైళ్లు పంచుకునేటప్పుడు రెండు విండోస్‌లు మాట్లాడే భాష ఎస్‌ఎంబీ. ఎక్స్‌పీకి తెలిసింది ఎస్‌ఎంబీ 1 ఒక్కటే. విస్టాతో 2.0, విండోస్ 7 తో 2.1, విండోస్ 8 తో 3.0, విండోస్ 10 తో 3.1.1 వచ్చాయి. కనెక్షన్ మొదలయ్యేటప్పుడు ఇద్దరికీ తెలిసిన వాటిలో అన్నిటికంటే కొత్తదాన్ని ఎంచుకుంటారు. అందువల్ల విండోస్ 7, విండోస్ 11 మధ్య ప్రోటోకాల్ అడ్డు ఉండదు, 2.1 తో హాయిగా మాట్లాడుకుంటాయి. ఆ రెండూ కలవడం లేదంటే కారణం మరోచోట ఉంది. ఎస్‌ఎంబీ 1 ఆన్ చేయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఎక్స్‌పీ సంగతి వేరు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానక్రై వైరస్ ఎస్‌ఎంబీ 1 లోని లోపం ద్వారానే ఒక కంప్యూటర్ నుంచి మరొకదానికి పాకింది. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 1709 వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఎస్‌ఎంబీ 1 అసలు ఉండదు, లేదా కొంత భాగమే ఉండి, వాడకపోతే దానంతటదే తొలగిపోతుంది. అందుకే ఎక్స్‌పీ నడిపే పాత యంత్రం ఉన్నట్టుండి ఒంటరిదైపోతుంది. ఫైళ్లు ఎప్పుడో ఒకసారి అవసరమైతే పెన్ డ్రైవ్ వాడండి, వైరస్ స్కాన్ చేసి మరీ. రోజూ కావాలంటే విండోస్ ఫీచర్స్ జాబితాలో ఎస్‌ఎంబీ 1 కింద మూడు టిక్కులు ఉంటాయి: క్లయింట్, సర్వర్, ఆటోమేటిక్ రిమూవల్. క్లయింట్ ఒక్కటే ఆన్ చేయండి. అప్పుడు కొత్త కంప్యూటరే వెళ్లి పాతదాని ఫోల్డర్ తెరుస్తుంది, పాతది వచ్చి కొత్తదాని తలుపు తట్టలేదు. సర్వర్ టిక్ పెడితే ఆ తలుపు నెట్‌వర్క్‌లోని ప్రతి పరికరానికీ తెరిచినట్టే, దాని జోలికి వెళ్లవద్దు. ఆటోమేటిక్ రిమూవల్ టిక్ కూడా ఉంటే 15 రోజుల పాటు వాడకం లేనప్పుడు విండోస్ క్లయింట్‌ను తనే తీసేస్తుంది. నిన్నటి దాకా పనిచేసింది ఈరోజు ఆగిపోయిందంటే ముందు ఇక్కడ చూడండి. ఎక్స్‌పీ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ మాత్రం ఇవ్వకండి. దానికి భద్రతా అప్‌డేట్ల మద్దతు 2014 ఏప్రిల్ 8 తో ముగిసింది.

విండోస్ 11 అప్‌డేట్ అయ్యాక పాత స్టోరేజ్ బాక్స్ (నెట్‌వర్క్‌కు కలిపిన డిస్కు పెట్టె) తెరుచుకోవడం లేదు

2024 లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ ప్రో ఎడిషన్‌లో రెండు నియమాలు మారాయి. ప్రతి ఎస్‌ఎంబీ కనెక్షన్‌కూ డిజిటల్ సంతకం ఉండాలి, పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశం కుదరదు. రెండూ ఒకదానితో ఒకటి ముడిపడ్డవే. సంతకానికి కావలసిన తాళంచెవి పాస్‌వర్డ్ నుంచి పుడుతుంది, గెస్ట్‌కు పాస్‌వర్డే లేదు. కాబట్టి స్టోరేజ్ బాక్స్‌లో ఒక యూజర్‌ను, పాస్‌వర్డ్‌ను సృష్టించి, దాని ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. సంతకాల నియమాన్ని విండోస్‌లో సడలించే మార్గం ఉంది గానీ, బాక్స్‌కు అప్‌డేట్లే రావడం ఆగిపోతే తప్ప దాని దాకా వెళ్లకూడదు.

పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నాను, మళ్లీ మళ్లీ అడుగుతుంది

అందరినీ విసిగించేది ఇదే. అడిగేది షేర్ చేస్తున్న కంప్యూటర్‌లోని యూజర్ పాస్‌వర్డ్, మీ ముందున్న కంప్యూటర్‌ది కాదు. లాగిన్ అయ్యేందుకు రోజూ కొట్టే నాలుగంకెల పిన్ నెట్‌వర్క్‌లో చెల్లదు. అది ఆ ఒక్క యంత్రానికే పరిమితం. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవుతుంటే ఈమెయిల్, ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ అకౌంట్‌కు పాస్‌వర్డే లేకుండా చేసుకున్నవారికి ఇక్కడ దారి మూసుకుపోతుంది. అసలు పాస్‌వర్డ్ పెట్టని లోకల్ యూజర్‌ను కూడా విండోస్ నెట్‌వర్క్ నుంచి రానివ్వదు.

వీటన్నిటికీ నేను చెప్పే పరిష్కారం ఒకటే. షేర్ చేసే కంప్యూటర్‌లో ఈ పని కోసమే ఒక లోకల్ అకౌంట్, దానికి గట్టి పాస్‌వర్డ్. అవతలి నుంచి యూజర్ పేరు అడిగినప్పుడు ముందు ఆ కంప్యూటర్ పేరు, తర్వాత \ గుర్తు, తర్వాత యూజర్ పేరు ఇవ్వండి.

అయినా ఒప్పుకోకపోతే క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి విండోస్ క్రెడెన్షియల్స్‌లో ఆ కంప్యూటర్ పేరు మీద మిగిలిపోయిన పాత పాస్‌వర్డ్ తీసేయండి. 1219 నంబరు ఎర్రర్ వస్తే అదే కంప్యూటర్‌కు వేరే యూజర్ పేరుతో కనెక్షన్ ఇంకా తెరిచే ఉందని అర్థం. నెట్ యూజ్ (net use) కమాండ్‌తో దాన్ని తొలగించాలి, లేదా సైన్ అవుట్ అయి రావాలి.

ఫోల్డర్ తెరుచుకుంటుంది, సేవ్ చేయనివ్వదు

షేర్ అనుమతి ఒకటి, డిస్కు మీద ఫోల్డర్‌కు ఉండే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనుమతి మరొకటి. రెండింటిలో ఏది కఠినమైతే అదే చెల్లుతుంది. ప్రాపర్టీస్‌లో షేరింగ్, సెక్యూరిటీ రెండు ట్యాబులూ చూసి రెండింటా ఆ యూజర్‌కు మార్పులు చేసే హక్కు ఇవ్వండి. అదే డ్రైవ్‌లో ఒక చోటి నుంచి షేర్ ఫోల్డర్‌లోకి మూవ్ చేసిన ఫైల్ తన పాత అనుమతులతోనే వస్తుంది. కాపీ చేస్తే కొత్త ఫోల్డర్ అనుమతులు తీసుకుంటుంది. ఒకే ఫోల్డర్‌లో కొన్ని ఫైళ్లే మొండికేస్తున్నాయంటే కారణం ఇదే కావచ్చు.

మ్యాక్, లినక్స్ ఉన్నప్పుడు

మ్యాక్ ఫోల్డర్‌ను విండోస్ నుంచి తెరవాలంటే ఫైల్ షేరింగ్ ఆన్ చేస్తే సరిపోదు. అందులోని ఆప్షన్స్‌లో విండోస్ ఫైల్ షేరింగ్ కింద ఆ యూజర్ పేరు పక్కన టిక్ పెట్టాలి. లినక్స్‌లో విండోస్‌తో ఫైళ్లు పంచుకునే ప్రోగ్రామ్ సాంబా. దానికి లాగిన్ పాస్‌వర్డ్ తెలియదు. ఎస్‌ఎంబీపాస్‌డబ్ల్యూడీ (smbpasswd) కమాండ్‌తో దానికి విడిగా ఒకటి పెట్టాలి. 2019 లో వచ్చిన సాంబా 4.11 నుంచి అక్కడా ఎస్‌ఎంబీ 1 ఆపేసి ఉంటుంది.

ఫోల్డర్లు వస్తున్నాయి, షేర్ చేసిన ప్రింటర్ మాత్రం కలవదు

11బి తో ముగిసే ఎర్రర్ అయితే అది 2021 సెప్టెంబరు భద్రతా అప్‌డేట్ తర్వాత మొదలైంది. ఒక కంప్యూటర్‌కు ఆ అప్‌డేట్ ఉండి రెండోదానికి లేకపోతే వస్తుంది. రెండింటినీ అప్‌డేట్ చేయండి. 32 బిట్, 64 బిట్ విండోస్‌లు కలిసి ఉంటే డ్రైవర్ కూడా కలవకపోవచ్చు. ప్రింటర్‌కు సొంత నెట్‌వర్క్ కనెక్షన్ ఉంటే కంప్యూటర్ ద్వారా షేర్ చేయడం మానేసి, ప్రతి కంప్యూటర్‌లోనూ దాని ఐపీ అడ్రస్‌తో నేరుగా కలుపుకొని, ఆయా విండోస్‌కు తగిన డ్రైవర్ వేసుకోండి.